గుమ్మం మీద గీతలు

టీ తాగిన గ్లాసులు ఇంకా కడగనేలేదు, కొడుకు అట్ట మీద కాగితాలు పెట్టుకుని హాలు మధ్యలో నిలబడ్డాడు. అద్దెకు దిగేవాళ్లు సాయంత్రం ఒప్పందం మీద సంతకాలకు వస్తున్నారు. ఇంట్లో వదిలి వెళ్లే సామానంతా రాసి, ఏది ఎలా ఉందో పక్కనే రాయమని ఏజెంటు మరీమరీ చెప్పాడు. లేకపోతే ఖాళీ చేసే రోజున మాటా మాటా పెరుగుతుందట.

కోడలికి వేరే ఊళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. నెలాఖరుకు ప్రయాణం. ఆమె చేతికర్ర ఆనించుకుంటూ గదిగదికీ తిరిగి చెబుతుంటే భర్త రాస్తున్నాడు. వెనకాలే అత్త గుడ్డతో తుడుచుకుంటూ వస్తోంది.

"బీరువా ఒకటి. కుడి తలుపు సరిగ్గా పడదు," అంది కోడలు.

"ఎందుకు పడదు? కాస్త బతిమాలాలి, అంతే," అంది అత్త.

"ఆ ముక్క కాగితం మీద ఎలా పెట్టనమ్మా?" అని కొడుకు నవ్వాడు.

పక్క గదిలోకి వెళ్లారు. "మడత మంచం ఒకటి. ఇది ఇక్కడే ఉంటుంది," అంది కోడలు.

అత్త చేతిలో గుడ్డ ఆగిపోయింది. అది ఆమె పడుకునే మంచం. అప్పుడే తుడిచిన కిటికీ ఊచలను మళ్లీ మొదటినుంచి తుడవసాగింది.

చివరికి స్నానాల గది దగ్గరికి వచ్చారు. కోడలు వంగి చూసింది. "గుమ్మం. రెండు పక్కలా మోకాలి ఎత్తున గీతలు. ఒకచోట చెక్క లేచింది."

"అది రాయకు," అంది అత్త.

"రాయకపోతే రేపు వాళ్ల మీద పడుతుంది అత్తయ్యా. పాపం, వాళ్లు చెయ్యనిది."

"అయితే చేసినవాళ్లెవరో కూడా రాయించు. ముసలిదానికి చక్రాల కుర్చీ తోయడం చేతకాక ఇల్లంతా గీకి పెట్టిందని రాయించు."

కిందటేడు కోడలు స్కూటర్ మీంచి పడి నడుము విరగ్గొట్టుకుంది. నడవడం కష్టమేనన్నారు డాక్టర్లు. అప్పుడు అత్త తన కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పేసి, ఆమె పక్కనే మడత మంచం వేసుకుంది. అన్నం తినిపించడం దగ్గర్నుంచి స్నానం చేయించడం దాకా అన్నీ తనే చేసింది. ఆ ఇరుకు గుమ్మంలోంచి కుర్చీని తోసింది కూడా ఆమే.

"నేనేమన్నానని అత్తయ్యా?" కోడలి మొహం పాలిపోయింది.

"ఏమీ అనలేదు. అదే నా బాధ. నా మంచం ఎక్కడుంటుందో తేల్చారు. నేనెక్కడుంటానో నాతో ఎవరూ అనలేదు. మీకు మొహమాటం ఎందుకని, నీ ఆడపడుచుకు నిన్ననే ఫోన్ చేసి వస్తానని చెప్పేశాను. వాళ్లింట్లో ఓ మూల పడి ఉంటాను."

"నువ్వు మాతో కాక ఇంకెక్కడికెళ్తావమ్మా? ఇది అడగాల్సిన విషయమా?" అన్నాడు కొడుకు.

"అడగాలిరా. రమ్మని పిలిపించుకోవాలని నాకు మాత్రం ఉండదా?"

కోడలు పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "ఆయన్ని అనకండి. అడగొద్దన్నది నేనే. మొన్న ఎదురింటావిడతో 'ఇక నాకూ కాస్త విశ్రాంతి కావాలి' అన్నారు మీరు. నా చెవిన పడింది. ఇంత చేయించుకుని మళ్లీ రమ్మంటే, ఇంకా చాకిరీకే పిలుస్తోందనుకుంటారని నోరు రాలేదు. మీరు వస్తే బాగుండునని, అక్కడ మీకో గది ఉన్న ఇల్లే తీసుకున్నాం. ఈ మంచం మీద పడుకునేగా మీ నడుము పట్టేసింది, వేరేది కొందామనుకున్నాం."

"నేను విశ్రాంతి అన్నది నా మోకాళ్ల గురించే పిచ్చిపిల్లా. నీ గురించి కాదు."

కోడలు గుమ్మం వైపు చూసింది. "కుర్చీ తగిలినప్పుడల్లా మీరు ఈ గుమ్మాన్నే తిట్టేవారు. 'కళ్లు కనబడ్డం లేదా, జరుగు' అని. ఏడుపు గొంతు దాకా వచ్చి కూడా నవ్వేసేదాన్ని. అప్పట్లో నేను నవ్వింది ఇక్కడే. అమ్మ లేని లోటు నాకు ఆ రోజుల్లో కూడా తెలియలేదు. నిలబడ్డానంటే మీ వల్లే. ఈ మాట మీతో ఒక్కసారి కూడా అనలేకపోయాను అత్తయ్యా."

అత్త గుడ్డను పక్కన పడేసి కోడలి తలను తన పొట్టకు ఆనించుకుంది.

"మీ మామయ్య పోయాక, పొద్దున్నే ఎందుకు లేవాలో నాకు తెలిసేది కాదు. అనకూడదు గాని, నువ్వు మంచాన పడ్డాక నీకోసం లేవాల్సి వచ్చింది. అలా లేస్తూ లేస్తూ నేనూ మళ్లీ మనిషినయ్యాను. అది నీ చలవే. నేను మాత్రం ఎప్పుడు చెప్పాను?"

కొడుకు అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. "ఇంతకీ ఈ గీతలు రాయనా, వద్దా?"

"రాయి. ముందునుంచీ ఉన్నాయని స్పష్టంగా రాయి. ఆ వచ్చేవాళ్ల మీద ఎందుకు పడాలి?" అంది అత్త.

తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుని కూతురికి ఫోన్ కలిపింది. కోడలు కదలకుండా ఆమె చెయ్యి పట్టుకునే కూర్చుంది.

"నేను మీ ఇంటికి రావడం లేదే. వీళ్లతో వెళ్తున్నాను," అంది అత్త. అవతల కూతురు ఏదో అడిగినట్టుంది. "ఛ, గొడవేం లేదు. ఎవరూ ఏమీ అనలేదు..." అంటూ ఆగింది.

"అన్నారులే," అంది. "చాలా మంచి మాటలు అన్నారు."