నిర్ణయం ఎవరిది, స్నిగ్ధా?

"నలభై మందిల నలభై మందీ తృప్తిగనే ఉన్నరా? గీ సర్వే ఊర్ల చేసిన్రా సార్, స్వర్గంల చేసిన్రా?"

బోథ్ ఆసుపత్రి వరండాలో నా ట్యాబ్ చూసి స్నిగ్ధ నాతో అన్న మొదటి మాట ఇది. ఆమె అక్కడ స్టాఫ్ నర్సు. నేను కరీంనగర్ నుంచి వచ్చిన సర్వే ఆఫీసర్ని, పేరు తారక్. ఆడవాళ్ల చదువు, భూమి, కులం రాసుకుని, పిల్లలు పుట్టకుండా ఏ పద్ధతి వాడుతున్నారు, దాంతో తృప్తిగా ఉన్నారా అని అడగడం నా పని. నా ఫారాలంత నీట్‌గా ఎవరివీ ఉండవని ఆఫీసులో పేరు కూడానూ! ఒళ్లు మండింది.

"వాళ్లు చెప్పిందే రాసిన మేడం."

"చెప్పేటప్పుడు పక్కన ఎవరున్నరు?"

గుర్తు చేసుకున్నాను. ప్రతి ఇంట్లోనూ నాకు కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు, కోడలి పక్కనే అత్త కూర్చుంది. సగం జవాబులు అత్తే చెప్పింది. నేను బుద్ధిగా రాసుకున్నాను.

నా మొహం చూసి స్నిగ్ధ పకపకా నవ్వింది. ఆ నవ్వుకు కోపం రావాలి కదా, రాలేదు. ఖర్మ!

మర్నాడు నన్ను పత్తి చేనుకు తీసుకుపోయింది. "గీ సార్ రాసుకుంటడు, పేర్లు రాయడు, సరేనా?" అని ఆడవాళ్లను అడిగి, నన్ను గట్టు మీద కూర్చోబెట్టింది. తనూ వాళ్లతో పత్తి ఏరుతూ మాటల్లో పెట్టింది. నా ట్యాబ్‌లో 'పూర్తి తృప్తి' అని ఉన్న యాదవ్వ అప్పుడు నోరు విప్పింది.

"కాపర్‌టీ ఏసిన కాన్నుంచి కడుపుల ఒకటే నొప్పి. తీపిచ్చుకుంటనంటే మా అత్త వద్దన్నది."

"రేపు ఆసుపత్రికి రా అక్కా. డాక్టరమ్మకు చూపిద్దాం. సూదున్నది, గోలీలున్నయి, అన్నీ చెప్త. నీకేది మంచిగనిపిస్తే అదే."

పక్క సాలులో కిష్టవ్వ నవ్వింది. ఆమె బడి మొహం చూడలేదు. "నేనైతే అన్నీ అడిగి సూదే కావాలన్న. నాకు మంచిగున్నది."

చదువు, భూమి, కులం అన్నీ రాశాను గానీ, నిర్ణయం ఎవరిదని నా ఫారంలో ఎక్కడా లేదు. ఆ ప్రశ్న స్నిగ్ధే చేర్పించింది. మళ్లీ ఇల్లిల్లూ తిరిగాం. ఎవరినీ తొందరపెట్టకుండా, ఎవరి మాటా కొట్టిపారేయకుండా ఆమె వినే తీరు చూసి ముచ్చటేసింది. ముచ్చట కాదు, నిజం చెప్పాలంటే ప్రేమే.

అకాల వానకు బస్టాండులో ఇరుక్కున్న సాయంత్రం చెప్పేశాను. "స్నిగ్ధా, నన్ను పెండ్లి చేసుకుంటవా?"

ఆమె నా వైపు తిరిగింది.

"మా బాపు శ్రీరాంపూర్ల బొగ్గుబాయి కార్మికుడు. మీది చొప్పదండిల పెద్ద ఇల్లు. మా అక్కను గూడ గసొంటి ఇంటికే ఇచ్చినం. ఇరవై రెండేండ్లకే ఆపరేషన్ చేయించిన్రు, అక్కను ఒక్క మాట అడగలే. నువ్వంటే నాకిష్టమే తారక్. కానీ పిల్లలు ఎప్పుడు, ఎందరు అన్నది మీ ఇంట్ల ఎవరు చెప్తరో తెల్వాలె. గప్పుడే నా జవాబు."

నెల తిరిగేసరికి అమ్మానాన్నలతో శ్రీరాంపూర్ వెళ్లాను. స్నిగ్ధ చాయ్ ఇచ్చింది, కూర్చుంది, పిల్లల సంగతి మీ ఇంట్లో ఎవరు చెప్తారని మా అమ్మ సరళాదేవిని సూటిగా అడిగేసింది. మా నాన్న రాజేశ్వర్‌రావుకు పొలమారింది.

అమ్మ మాత్రం కోప్పడలేదు.

"నేను డిగ్రీ చదివిన బిడ్డా. మాకు నలభై ఎకరాలున్నది. తారక్ చెల్లె పుట్టిన నాలుగోనాడు నాకు ఆపరేషన్ అయింది. ఈయన, మా అత్త మాట్లాడుకున్నరు. నన్నెవ్వరూ అడగలే."

"మీకు ఇంకా పిల్లలు కావాలనుండెనా అమ్మా?"

"ఉండె."

ఆ ఒక్క మాట ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరూ వినలేదు. వందల మంది ఆడవాళ్లను అడిగి రాసుకున్న మొనగాణ్ని, కన్నతల్లిని అడగలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

నాన్న కప్పు కింద పెట్టారు. "అడగాలెనన్న సోయి గూడ లేకుండె నాకు. తప్పు నాదే సరళా."

అమ్మ కళ్లు తుడుచుకుని స్నిగ్ధ చెయ్యి పట్టుకుంది. "గది మీ ఇద్దరి ముచ్చట బిడ్డా. అండ్ల గూడ నీ ఒంటికి, పానానికి సంబంధించింది నువ్వే చెప్పాలె. నేను నడుమ రాను, ఎవ్వర్ని రానియ్య. ఇంకేమన్న అడుగుతవా?"

స్నిగ్ధ నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత అమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"లేదు అత్తమ్మా."

నాకివ్వాల్సిన జవాబు మా అమ్మకిచ్చింది. నాకేం బాధ లేదు.