నడిమిట్ల ఆపిన నాటకం

చంద్రపూర్ ఎండ సంగతి బయటి ఊళ్ల వాళ్లకు చెప్పినా అర్థం కాదు. మే నెల మధ్యాహ్నం రోడ్డు మీద మనిషన్నవాడు కనిపించడు. దుకాణాలు సగం షట్టర్ దించుకుని కునుకు తీస్తాయి. బొగ్గుబాయి కాలనీలో అయితే కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టి, వాటి మీద నీళ్లు చల్లి, కూలర్ వేసుకుని జనం పట్టపగలే చీకట్లో పడుకుంటారు. దెయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని ఎవరన్నారో గానీ, వాళ్లు ఈ ఊళ్లో ఒక్క ఎండాకాలం కూడా గడిపి ఉండరు.

ఆ కాలనీలోనే ఉండేది ప్రసన్నలక్ష్మి. ఆదిలాబాద్ దిక్కు పిల్ల. మొగుడు మారుతి గనిలో డంపర్ నడిపేవాడు. అత్త ఐలమ్మ, మూడేళ్ల కూతురు అక్షిత, గుమ్మం దగ్గర కాపలాకు మోతి అనే కుక్క. మారుతి చదువంతా మరాఠీలో సాగింది, ఐలమ్మకు ఏ అక్షరమూ రాదు. ఇంట్లో తెలుగు చదవగలిగింది ప్రసన్న ఒక్కతే. అందుకే మామ సారయ్య వదిలిపోయిన సందూక పెట్టెకు ఆమే వారసురాలైంది.

సందూక నిండా నాటకాల పుస్తకాలు. సారయ్య పగలు బొగ్గు తవ్వేవాడు, పండగ వచ్చిందంటే ముఖానికి రంగు పూసుకుని స్టేజీ ఎక్కేవాడు. అన్నీ హంతకుల వేషాలే. మనిషి మెత్తన, వేషం కడితే మాత్రం రాక్షసుడు. ఎదుటివాడు పాఠంలో మాట తప్పితే ఆటలోనే చెంప పగలగొట్టిన సందర్భాలున్నాయట.

ఆయన పోయాక ఐలమ్మకు ఏమీ తోచేది కాదు. మధ్యాహ్నం వంట గిన్నెలు సర్దాక కోడలు ఒక పుస్తకం తీసి చదివేది. రాజుకు ఒక గొంతు, సేవకుడికి ఒక గొంతు. ముసలామె బోసినోటితో నవ్వుతూ తప్పులు దిద్దేది.

"గట్ల గాదు బిడ్డా, మీ మామ గీడ గొంతు లేపుతుండె. ఆ నడుమ సైగలు గూడ సదువు. లేకుంటె ఎవడు ఏడ నిలవడ్డడో నాకెట్ల తెలుస్తది?"

అలా బ్రాకెట్లలో ఉన్నవి కూడా ప్రసన్న పైకే చదివేది.

ఐలమ్మకు అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట ఒకటుంది. ఆట అయిపోయాక మంగళం పాడేటప్పుడు, ఆటలో చచ్చినవాళ్లంతా లేచి ఎడమ దిక్కు నిలబడేవారట. బతికినవాళ్లు కుడి దిక్కు. "నేను ఎప్పుడు జూసినా మీ మామ ఎడమ దిక్కే! వేషం కట్టినంక మంగళం పాడందే ఆయన గజ్జె ఇప్పకపోతుండె. వానొచ్చినా, కరెంటు పోయినా సరే. నడిమిట్ల ఆపితే వేషం దిగదు అంటుండె."

ప్రసన్న ఊ కొట్టేది. చిన్న నాటకాలు ఒక్క పూటలో అయిపోయేవి కాబట్టి నడుమ ఆపే అవసరం రాలేదు.

ఆ రోజు మారుతి డ్యూటీకి పోయాక తీసింది మాత్రం లావు పుస్తకం. సారయ్యకు పేరు తెచ్చిన నాటకం. రుద్రకేతు అనే సేనాపతిని రాజు అవమానిస్తాడు. రాజు వేటకు వెళ్లినప్పుడు వాడు కత్తి దూసి కోటలో చొరబడతాడు. ద్వారపాలకుణ్ణి నరుకుతాడు, అంతఃపురంలో దాదిని నరుకుతాడు, ఊయలలోని పసిబిడ్డను నరుకుతాడు. ఆఖరికి రాణి చేతిలో చస్తాడు. ఐలమ్మకు అది మొత్తం కంఠతా వచ్చు. అయినా వింటూ వింటూ కూలర్ గాలికి ముసలిప్రాణం గుర్రు పెట్టింది.

ప్రసన్న అప్పటికి ద్వారపాలకుణ్ణి నరికే పుటలో ఉంది.

(రుద్రకేతు ఖడ్గపాణియై ప్రవేశించును. ద్వారపాలకుని శిరము ఖండించి అంతఃపురము వైపు నడచును.)

అత్త నిద్రపోయింది, ఇక ఎవరికి చదవాలి? ఆ ఏడాదే కాలనీకి కేబుల్ వచ్చింది. కత్తి ఎత్తినచోట ఆపి, మిగిలింది రేపు చూపించే సీరియళ్ల రుచి ఆమెకు బాగా పట్టింది. ఇదీ అంతే, మంచి పట్టు మీద ఉంది, రేపు చదువుకుందాం అనుకుంది. ఇది స్టేజీ కాదు కదా, పుస్తకమే కదా! జడలోంచి పిన్ను తీసి పుటలో పెట్టి మూసేసింది.

గనిలో మందు పేల్చే సైరన్ మోగింది. నేల ఒక్కసారి అదిరి, వంటింట్లో గిన్నెలు గణగణలాడాయి. అది రోజూ ఉండేదే. కానీ ఆ వెంటనే కరెంటు పోయింది. కూలర్ రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. తడికెల నుంచి నీటి చుక్కలు రాలుతున్న చప్పుడు తప్ప ఇంట్లో మరేమీ లేదు.

బయట మోతి మొరిగింది. రెండోసారి మొరగబోయి సగంలోనే ఆగిపోయింది.

ప్రసన్న లేచి నడిమి గది పరదా కొద్దిగా పక్కకు జరిపింది. ముందు గది తలుపు గడియ వేసినట్టే ఉంది. తలుపు కింద నుంచి నల్లగా, చిక్కగా ఏదో లోపలికి పాకుతోంది. తలుపుకు ఇవతల, గచ్చు మీద... మోతి తల. కళ్లు తెరిచే ఉన్నాయి. నాలుక ఇంకా కదులుతోంది.

అరవబోయింది. లోపల పడుకున్న పిల్ల గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పరదా వదిలేసి వెనక్కి నడిచింది.

ఘల్...

ముందు గదిలో గజ్జెల చప్పుడు. బరువైన కాలు మోపినట్టు. ఆగి, మళ్లీ.

ఘల్...

గదిలోకి ఒక వాసన వచ్చింది. కొబ్బరినూనె, ఏదో రంగు పొడి, కిరసనాయిలు దీపం కలిసిన వాసన. ప్రసన్నకు తెలియని వాసన. ఐలమ్మకు తెలుసు. ముసలామె దిగ్గున లేచి కూర్చుంది.

"మొఖానికి పూసే అర్దళం వాసన..." అంది. ముఖం ఒక్క క్షణం వెలిగింది. "ఏమయ్యా... వచ్చినవా?"

పరదా కింద రెండు పాదాలు వచ్చి ఆగాయి. పారాణి పూసిన పెద్ద పాదాలు. చీలమండలకు గజ్జెలు. పారాణి మీద తడి రక్తం.

ఐలమ్మ ముఖం పాలిపోయింది.

"ఏడిదాక సదివినవ్ బిడ్డా?" గుసగుసగా అడిగింది.

"ద్వారపాలకుని తల నరికెదాక... గాడ ఆపిన అత్తమ్మా."

"ఎంత పని జేస్తివే తల్లీ!" ఐలమ్మ నుదురు కొట్టుకుంది.

"మామనేనా?"

"మీ మామయితె నన్ను పేరు పెట్టి పిలుస్తుండె. గది మీ మామ గాదు. ఆయన ఏసిన వేషం."

గది నడుమ దూలానికి వేలాడుతోంది చీర తొట్టెల. అందులో అక్షిత ముడుచుకుని పడుకుని ఉంది. ప్రసన్నకు ఇంకేమీ కనబడలేదు. పిల్లను ఎత్తుకుని వెనక తలుపు గుండా ఉరుకుదామని చెయ్యి చాపింది. అంతే! పరదా చీల్చుకుని మెరుపులా కత్తి వచ్చింది. మోచేతి కింద కండ తెగి వేలాడింది. ఎముక తెల్లగా కనిపించి, వెంటనే రక్తంలో మునిగిపోయింది. నొప్పి తర్వాత తెలిసింది.

"కదలకు!" ఐలమ్మ ఆమె నడుము పట్టి కిందికి గుంజింది. "ఆటల లేనిది చేస్తె ఒప్పుకోడు. గీ ఆటల నువ్వు రాణివి, రాణి తొట్టెల కాడికి ఇప్పుడే రాదు."

"సదువకుంటె పోడా?"

"పాఠమంత వానికి నోటికొచ్చు. నువ్వు సదువకున్నా వాని పని వాడు చేస్కపోతడు. దాదిని నేనే, నన్ను సంపుతడు. తర్వాత దాన్ని..." ఆ మాట ఆమె పూర్తి చేయలేదు.

ఘల్... పరదా లోపలికి ఉబ్బింది. బట్టలోంచి ఒక ముఖం అచ్చు పడింది. ముక్కు, మీసం, తెరిచిన నోరు.

ఐలమ్మ కోడలి చెవిలో నోరు పెట్టింది. "ఇను. దాది కేకేసినంక వానికి తొట్టెల కాడ పెద్ద పద్యం ఉంది. రాగం తియ్యకుంట మొదలువెట్టడు, మీ మామకు గదే షోకు. ఆ రాగం తీసేటప్పుడు నువ్వు పసిపిల్ల పుట ఇడిసిపెట్టి, రాణి వచ్చే కాడికెల్లి సదువు. నువ్వు సదివిన కాడికి వాడు రాక తప్పదు. మంగళం దాక ఆపకు. సమజైందా?"

"మరి నువ్వు? దాది పుట నేను సదువ అత్తమ్మా. సచ్చినా సదువ!" ప్రసన్న ఏడుస్తూ పుస్తకాన్ని గుండెకు అదుముకుంది.

"నువ్వు సదువుడెందుకు? నాకు రాదా?"

ముసలామె లేచింది. కొంగు నడుముకు చుట్టి తొట్టెలకు అడ్డంగా నిలబడింది. అరవై దాటిన ఆ గొంతులోంచి అంత గట్టిగా మాట వస్తుందని ప్రసన్న ఎన్నడూ అనుకోలేదు.

"దుర్మార్గుడా! ఈ ఊయలను తాకవలెనన్న ముందు ఈ ముసలి ప్రాణమును దాటి పోవలయును!"

పరదా నిలువునా చీలిపోయింది.

మొదటి దెబ్బ భుజం దగ్గర పడింది. ఐలమ్మ పడిపోలేదు. రెండు చేతులతో తొట్టెల తాడు పట్టుకుని అలాగే నిలబడింది. రెండో దెబ్బకు వేళ్లు తెగి గచ్చు మీద రాలాయి. మూడో దెబ్బ గొంతు మీద. అప్పుడు వేసింది కేక. గోడల మీద, తడికెల మీద, ప్రసన్న కళ్లల్లో... అంతా వేడి రక్తం. ముసలామె తొట్టెల కిందనే ఒరిగిపోయింది.

ప్రసన్న కళ్ల మీది రక్తం తుడుచుకుని పుస్తకం తెరిచింది.

తర్వాత రాగం మొదలైంది. "ఆ..." అంటూ సన్నగా లేచింది మగగొంతు. ఎంత తీయగా ఉందంటే, ఆ గొంతు కోసమే జనం ఊళ్లు దాటి వచ్చేవారన్న మాట ప్రసన్నకు అప్పుడు నిజమనిపించింది. కత్తి మొన తొట్టెల చీరను మెల్లగా పక్కకు జరుపుతోంది. పసుపు రంగు ముఖం లోపలికి వంగుతోంది.

రక్తపు వేళ్లకు పుటలు అంటుకుంటున్నాయి. ఒకటి తిప్పింది. ఇంకొకటి... రాదే! నాలుకతో తడిపి లాగింది. రాణి పేరు కనిపించింది.

"రాణి... రాణి ప్రవేశించి... వాని నడుమున ఉన్న బాకు లాగి... వెన్నులో పొడుచును!"

చేతికి చల్లని పిడి తగిలింది. తెగిన ఆ చెయ్యే, తనకు తానుగా లేచింది. దిగింది. తడిసిన గోనెసంచిలో దిగినట్టు దిగింది. లాగింది, మళ్లీ పొడిచింది. పుస్తకంలో ఒక్కసారే ఉంది. ఆమె ఎన్నిసార్లు పొడిచిందో ఆమెకే తెలియదు. మోతికి ఒకటి, అత్తమ్మకు ఒకటి, పిల్ల మీదికి వంగినందుకు ఇంకొకటి... రాగం గొంతులోనే గుర్రుగా మారింది.

"రుద్రకేతు... నేలకూలును."

గజ్జెలన్నీ ఒక్కసారి మోగి ఆగాయి.

మంగళం మిగిలింది. ఆపకు అంది కదా అత్తమ్మ! ప్రసన్న ఎత్తుకుంది. "సభకు మంగళం... విన్నవారికి మంగళం..."

రెండో పాదంలో ఆమె గొంతుకు ఇంకో గొంతు కలిసింది. మగ గొంతు. తర్వాత తెగిన గొంతులోంచి, గాలి కొడుతూ, ఐలమ్మది. ప్రసన్న తల ఎత్తలేదు. పుట మీద నుంచి చూపు తిప్పకుండా పాడింది. మూడో పాదంలో ఇంకొకటి కలిసింది... సన్నగా, నిద్రమత్తుగా.

అప్పుడు తల ఎత్తింది.

ఎడమ గోడ పక్కన వాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. గజ్జెల కాళ్లవాడు. వాడి పక్కన ఐలమ్మ. ఐలమ్మకు మిగిలిన ఒక్క వేలు పట్టుకుని అక్షిత. ముగ్గురూ ఎదురుగా ఎక్కడో కూర్చున్న జనాన్ని చూస్తూ పాడుతున్నారు.

"అక్కీ! ఇటు రా... నువ్వు ఇటు దిక్కు రావాలె..."

కరెంటు వచ్చింది. కూలర్ గర్జిస్తూ తిరిగింది. గోడ పక్కన ఎవరూ లేరు. ఐలమ్మ తొట్టెల కిందనే పడి ఉంది. తొట్టెలలో అక్షిత హాయిగా నిద్రపోతోంది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

దొంగలన్నారు పోలీసులు. లోపల గడియ వేసిన ఇంట్లోకి ఏ దొంగ వచ్చాడో వాళ్లూ చెప్పలేదు. కత్తి దొరకలేదు. ప్రసన్న చేతి గాయం మానింది గానీ వేళ్లు ముడుచుకోవు. ఆమె ఏడ్చి పోరుపెడితే మారుతి ఆ పుస్తకాన్ని బొగ్గుల కుంపట్లో వేసి, ఆఖరి పుట బూడిదయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు.

వానాకాలంలో అక్షిత పుట్టినరోజుకు మారుతి ఫొటోగ్రాఫర్‌ను పిలిపించాడు. అమ్మానాన్నల నడుమ నిలబడమంటే పిల్ల ఎడమ పక్కకు జరిగింది. పిలిస్తే ఇంకొంచెం జరిగింది. పక్కన ఇద్దరు పట్టేంత జాగా వదిలి, దేన్నో పట్టుకున్నట్టు ఒక చెయ్యి పైకెత్తి నిలబడింది.

"బేటీ, జరా ఇకడే యే," అంటూ ఇటు రమ్మన్నాడు ఫొటోగ్రాఫర్.

అక్షిత అతని వైపు చూడలేదు. తల్లి వైపు చూసింది.

"అమ్మా, నా పుట ఎప్పుడు సదువుతవ్?"