శెనక్కాయల గోడౌన్‌లో రైలు

ప్రేమకథ అన్నాక వాన పడాలంటారు. కమలాపురంలో వాన కోసం కూర్చుంటే ప్రేమించినవాళ్లు ముసలివాళ్లయిపోతారు. అందుకని ఈ కథలో వాన లేదు. ఎండ ఉంది, దుమ్ముగాలి ఉంది, ఒక గోడౌన్ నిండా రైలు ఉంది.

కర్నూలులో గుడారాల కింద రాజధాని నడుస్తున్న రోజులవి. ఓబులేసుకు తండ్రి లేడు. తల్లి నాగలక్ష్మమ్మ, కొంత మెట్ట చేను, ఊరి చివర శెనక్కాయల గోడౌన్, ఇంతే అతని ఆస్తి. కాయలు అమ్ముడుపోయి గోడౌన్ ఖాళీ అయిందంటే మళ్లీ పంట వచ్చేదాకా అందులో ఓబులేసు రైలుదే రాజ్యం.

నడుమెత్తు బల్లలు పరిచి, వాటి మీద కడప నుంచి ఎర్రగుంట్ల దాకా రైలుబాట మొత్తం కట్టాడు. పత్తి బేళ్లకు చుట్టే ఇనుప పట్టీలు పట్టాలయ్యాయి. తుమ్మ పుల్లలు స్లీపర్లయ్యాయి. కడప బండ ముక్కలతో కొండలు, పాపాఘ్నిలోంచి తెచ్చిన ఇసుకతోనే పాపాఘ్ని. ఇంజను మాత్రం మద్రాసులో కొన్నది. కీ ఇస్తే పరిగెత్తుతుంది. వెనక పెట్టెలన్నీ కిరసనాయిలు డబ్బాల రేకుతో తనే చేశాడు. మీసాలొచ్చిన మగవాడికి ఈ ఆటలేమిటని ఊరు నవ్వింది. నవ్వినవాళ్లు కూడా తలుపు సందులోంచి ఒకసారి చూసే పోయేవాళ్లు.

అన్నీ అయ్యాయి, సిగ్నళ్లకు రంగు అద్దాలు కావలసివచ్చాయి. స్టేషన్‌లో సిగ్నల్ దీపాలు పెట్టే శేషన్న అప్పుడే ఆ ఊరికి బదిలీ మీద వచ్చాడు. రోజూ పొద్దు వాలే ముందు నిచ్చెనెక్కి స్తంభం పైన దీపం పెట్టి దిగడం ఆయన పని. దీపం ముందుకు ఎర్ర అద్దం వస్తే రైలు ఆగాలి, పచ్చ అద్దం వస్తే పోవచ్చు. ఓబులేసు ఆయన ఇంటికి వెళ్లేసరికి ఆయన లేడు. కూతురు చౌడేశ్వరి, ఇంట్లో ఈశ్వరి అంటారు, గడప మీద కూర్చుని దీపం బుడ్లు తుడుస్తోంది.

"పగిలిన అద్దం ముక్కలుంటే రెండు ఇప్పిస్తావా?"

"ఏం చేసుకుంటావు?"

"నా సిగ్నల్‌కు పెట్టుకుంటా."

"నీకు సిగ్నలేందప్పా? నువ్వేమన్నా గూడ్సుబండివా?"

ఓబులేసు తన గోడౌన్ సంగతి చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ మూలనున్న డబ్బాలోంచి ముక్కలు ఏరి అతని అరచేతిలో పోసింది. అతను వాటిని ఎండకు పెట్టి చూశాడు, తిప్పి చూశాడు.

"దీంట్లో ఎర్రది యాది, పచ్చది యాది?"

"మీసాలొచ్చినాయి గానీ రంగులు రాలేదా నీకు? మాట పెంచాలనుంటే ఇంకేమన్నా అడుగు, ఇది బాగలేదు."

ఓబులేసు చెవులు కాలాయి. నవ్వేసి వెళ్లిపోయాడు. అది సిగ్గనుకుంది ఈశ్వరి.

విత్తనానికి దాచిన కాయలు వలిచే పని మొదలైంది. నాగలక్ష్మమ్మ పిలిస్తే నలుగురు ఆడవాళ్లతో పాటు ఈశ్వరి కూడా గోడౌన్‌కు వచ్చింది. ఎగతాళి చేయాలనే లోపలికి తొంగిచూసింది. చూసి అక్కడే నిలబడిపోయింది. ప్రతి సిగ్నల్ స్తంభానికీ వేలెడంత నిచ్చెన ఉంది.

"నిచ్చెనలు గూడా పెట్టినావే," అంది మెల్లగా.

"నిచ్చెన లేకుంటే మీ నాయన ఎట్ల ఎక్కుతాడు?"

రైలు చూసేవాళ్లు రైలునే చూస్తారు. దీపం పెట్టే మనిషి ఎవరికి గుర్తుంటాడు? ఈశ్వరికి ఆ పూట కాయలు వలవడం సరిగ్గా సాగలేదు. పప్పు తొక్కల్లో, తొక్కలు పప్పులో వేసి నాగలక్ష్మమ్మ చేత తిట్లు తింది.

ఆ తర్వాత రోజూ ఏదో ఒక వంక. "ఈ వేపచెట్లకేమొచ్చెనప్పా, ఇటికరాళ్ల మాదిరి ఉండాయి?" అని బల్ల మీది బొమ్మ చెట్లు చూపించి ఆమె అంటే, "ఎండాకాలం గదా," అని అతను తల వంచుకునేవాడు. ఆమె రాని రోజు అతను రైలుకు కీ ఇచ్చేవాడు కాదు. ఆమెను ప్రేమిస్తున్నాడని అతనికి తెలుసు, ఆమెకు తెలుసు, కాయలు వలిచే ఆడవాళ్లందరికీ తెలుసు. తెలియనిది శేషన్నకే. ఆయన మాట మాత్రం ఊరందరికీ తెలుసు: "వాన కోసం మొగులు చూసి బతికే ఇంటికి నా బిడ్డనియ్యను. నెల తిరిగేతలికి జీతం పడే రైల్వే మనిషికే ఇస్తా."

ఓబులేసుకు రైలింజనులో బొగ్గు వేస్తూ మొదలుపెట్టి డ్రైవరయ్యే ఫైర్‌మన్ ఉద్యోగానికి గుంతకల్లు నుంచి పిలుపు వచ్చింది. ఈశ్వరి మొహం వెలిగిపోయింది. అతని మొహం వెలగలేదు.

"కండ్లు పరీక్ష చేస్తారంట," అన్నాడు.

ఆమె చేతిలో బొమ్మ సిగ్నల్ ఉంది. వేలికి ఏదో గరుకుగా తగిలింది. ఎర్ర అద్దం అంచున మేకుతో గీసిన గీత. ఇంకో సిగ్నల్ చూసింది, దానికీ ఉంది. ఇటుక రంగు చెట్లు గుర్తొచ్చాయి. ఆరోజు తన గడప ముందు అతను అడిగిన మాట గుర్తొచ్చింది.

"మాట పెంచేదానికి అడగలే గదా నువ్వు?"

"చిన్నప్పటి నుంచి ఇంతే ఈశ్వరీ. ఎరుపు, పచ్చ రెండూ ఒకటే మాదిరి కనపడతాయి. పగలయితే సిగ్నల్ రెక్క లేచినాదా వాలినాదా అని చూసి చెప్తా. రేత్రి దీపమొక్కటే ఉంటాది." ఆమె చేతిలోని సిగ్నల్ తీసుకుని అద్దం మీది గీతను వేలితో తడిమాడు. "ఎర్రది రవ్వంత మసగ్గా ఉంటాది. నువ్వు దినమూ చూపిస్తే పట్టుకుంటా. పరీక్షొక్కటి గట్టెక్కితే చాలు. లేకుంటే మీ నాయన నిన్ను నాకియ్యడు."

తప్పని ఆమెకు తెలుసు. అయినా సరేనంది. ప్రేమలో ఉన్న మనిషికి అంత తెలివే ఉంటే ఇక కథలెందుకు? రోజూ గోడౌన్ తలుపులు దగ్గరికి వేసి, అద్దాల వెనక దీపం పెట్టి అడిగేది, అతను చెప్పేవాడు. మొదట సగం తప్పులు. రానురాను ఎప్పుడో గానీ తప్పేవాడు కాదు. తప్పినప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కాదు.

ప్రయాణం దగ్గర పడింది. ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. ఇంటి ముందు నిలబడి ఈశ్వరి చూస్తోంది. తండ్రి పంచె ఎగ్గట్టి, ఒక చేత్తో దీపం, ఇంకో చేత్తో నిచ్చెన పట్టుకుని ఎక్కుతున్నాడు. గాలికి స్తంభం ఊగుతోంది. ఆమె చూస్తుండగానే ఆయన ఒక మెట్టు జారి, పట్టుకుని, మళ్లీ ఎక్కాడు. ఎవరి కోసం ఎక్కుతున్నాడో ఆమెకు అప్పుడు తట్టింది. రాత్రి ఇంజను తోలే మనిషి ఆ దీపాన్ని చూస్తాడనే నమ్మకం ఒక్కటే ఆయన్ను పైకి పంపుతోంది.

మరునాడు పొద్దు వాలే వేళకు గోడౌన్‌కు వచ్చింది. గీతలున్న అద్దాలు తీసేసి వేరే ముక్కలు పెట్టింది. పాపాఘ్ని వంతెన ముందున్న సిగ్నల్ వెనక దీపం వెలిగించింది. తర్వాత రేకు పెట్టెలో రెండు శెనక్కాయలు వేసింది.

"ఇది మా నాయన. ఇది నేను. వంతెన అవతల ఇంకో బండి ఉండాదో లేదో నీకు తెల్దు. సిగ్నల్ చూసి తోలు."

ఓబులేసు నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. ఇంజనుకు కీ ఇచ్చి చేతిలోకి తీసుకున్నాడు. దీపం వైపు చూశాడు. మసగ్గా ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. చాలాసేపు చూశాడు. ఇంజను పట్టాల మీదికి దించబోయాడు, మళ్లీ ఎత్తేశాడు. చక్రాలు అతని చేతిలోనే గిరగిరా తిరిగి, నెమ్మదించి, ఆగిపోయాయి.

"నాకు తెల్దు," అన్నాడు. "ఏ రంగో నాకు తెల్దు ఈశ్వరీ."

ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు. "పచ్చదే. పోయుండొచ్చు నువ్వు."

"తెల్దని తెలిసి ఎట్ల పోతా?"

ఆ మాటతో గుంతకల్లు ప్రయాణం ఆగిపోయింది. ఇక పెళ్లి కూడా లేనట్టేనని ఇద్దరికీ తెలుసు. పైట చెంగుతో మొహం తుడుచుకుని ఆమె ఇంటికి పోయింది. వెనకే ఓబులేసు కూడా నడిచాడు. దాచి పెట్టుకోవడం ఇక అతని వల్ల కాలేదు.

శేషన్న అప్పుడే దీపం పెట్టి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు.

"మామా, నేను పరీక్షకు పోవడంలే. నా కండ్లకు ఎరుపు, పచ్చ తెలవదు. మోసం జేసి గట్టెక్కుదామనుకున్నా. ఈశ్వరి కావాలని అనుకున్నా. ఇప్పుడు నాకు చేనే దిక్కు. నీ మాటకు నేను సరిపోను, అయినా నీకు చెప్పకుండా ఉండలేకపోయినా."

తలుపు వెనక నుంచి ఈశ్వరి అంది. "నేర్పిచ్చింది నేనే నాయనా. తప్పు నాది గూడా."

శేషన్న చెంబు కింద పెట్టాడు. చేతులు పంచెకు తుడుచుకుని స్టేషన్ వైపు చూశాడు. దూరాన స్తంభం మీద ఆయన పెట్టిన దీపం వెలుగుతోంది. అది ఏ రంగో ఓబులేసు చూడలేదు, నేల చూస్తున్నాడు.

"నా వయసంతా దీపాలు పెట్టినా," అన్నాడు శేషన్న. "దాన్ని జూసి ఎందరు ఆగినారో, ఎందరు పోయినారో, ఒక్కని మొగం గూడా నేను జూడలే. ఆగినోన్ని ఈ పొద్దే జూస్తాండా."

ఓబులేసు తలెత్తాడు.

"మీ యమ్మ ఇంట్లోనే ఉంటాదా రేపు?"

"ఉంటాది మామా."

"యాడికీ పోవద్దని చెప్పు. ఆడపిల్ల వాండ్లం, మేమే వచ్చి అడగాల."