ఇంటర్వ్యూ అయ్యేదాక

జయపాల్ ముఖం చూడకముందే సుసన్నకు అతనంటే కుళ్లు.

ఏడాది కిందట నగరంలోని ఒక వాతావరణ పరిశోధన కేంద్రంలో, పీహెచ్‌డీ అయినవాళ్లు చేసే పోస్ట్‌డాక్ ఉద్యోగం పడింది. రాబోయే దశాబ్దాల్లో వానలెలా ఉంటాయో కంప్యూటర్ మోడళ్లతో లెక్కగట్టే పని. పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ సుసన్న కోరుకున్నది అదే. ఉన్నది ఒక్క పోస్టు. ఆమె రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం ఎవరో జయపాల్‌ది, నాదర్‌గుల్ వాడట. ఆమె ఇబ్రహీంపట్నంలోనే ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుంటూ ఉండిపోయింది.

ఆ జయపాలే ఒకరోజు గెస్ట్ లెక్చర్‌కు ఆ కాలేజీకి వచ్చాడు. తెరమీద మ్యాపు చూపించి, "ఈ మోడల్‌ల భూమినంత గళ్లు గళ్లుగ చేస్తం. ఒక్కో గడికి ఒక్కటే వాన లెక్క," అన్నాడు.

సుసన్న లేచి నిలబడింది. "ఆ గడిల నాదర్‌గుల్, ఇబ్రహీంపట్నం రెండూ ఉన్నయి కద సార్. నిన్న మీ ఊర్ల దంచికొట్టింది. మా దగ్గర చుక్క పడలే. మీ మోడల్ ఎవరిని తడిపినట్టు?"

పిల్లలు నవ్వారు. జయపాల్ కూడా నవ్వాడు. "ఇద్దరినీ సగం సగం తడిపింది మేడం. తప్పే. గదే సరిజేద్దామని చూస్తున్న."

తప్పని ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. కొట్లాడటానికి ఏమీ మిగల్చనందుకు ఇంకా కోపమొచ్చింది.

తర్వాత ఛాయ్ దగ్గర అతనే పలకరించాడు. "మీరు సుసన్న కద. ఆ ఇంటర్వ్యూల మీ తర్వాతనే నన్ను పిలిచిన్రు. మీరు నవ్వుకుంట బయటికొచ్చిన్రు. గది చూసి ఇగ నాకు రాదనుకున్న."

"వచ్చింది కద."

"వచ్చింది. మీకు కోపం ఇంకా పోలే."

"పోలే," అంది సుసన్న. కానీ ఛాయ్ మాత్రం తాగింది.

ఆ వానాకాలమంతా జయపాల్ శనివారం వస్తే చాలు, బండేసుకుని ఇబ్రహీంపట్నం వచ్చేవాడు. చెరువుకట్ట మీద నిలబడి ఇద్దరూ మోడళ్ల గురించి వాదించుకునేవారు. సార్, మేడం పోయి నువ్వు, నేను వచ్చాయి. ఆమె మబ్బులను చూసేది. అతను ఆమెను చూసేవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"మా దగ్గర రెండో పోస్టు పడుతున్నది. నువ్వు అప్లై చెయ్యి," అన్నాడు ఒక శనివారం. "మనోజ గూడ చేస్తున్నది."

"మనోజ ఎవరు?"

"మా ల్యాబ్‌లనే పీహెచ్‌డీ చేసింది. బడంగ్‌పేట్ పిల్ల. మస్తు తెలివి."

ఆ రోజు నుంచి సుసన్నకు అతని ప్రతి మాటలోనూ మనోజే వినబడింది. మనోజ గీసిన గ్రాఫు. మనోజ చెప్పిన జోకు. మనోజ తెచ్చిన టిఫిన్ డబ్బా.

"నువ్వు ఆమె డబ్బాల తింటవా?"

"అందరం తింటం."

"ఏం కూర?"

"యాదికి లేదు."

"జోకు యాదికుంటది గని, కూర యాదికుండదా?"

జయపాల్ నవ్వాడు. సుసన్నకు నవ్వు రాలేదు.

సుసన్న అప్లై చేసింది. ఇంటర్వ్యూ తేదీ ఖరారయ్యాక అతను హఠాత్తుగా రావడం మానేశాడు. ఫోన్ ఎత్తలేదు. ఒక్క మెసేజ్ మాత్రం పెట్టాడు: "ఇంటర్వ్యూ అయ్యేదాక మాట్లాడొద్దు. తర్వాత అంత చెప్త." ఆ తర్వాత ఆమె ఏం పంపినా జవాబు లేదు. పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేది. ఇప్పుడు మనోజ డబ్బా తెరిచే వేళ అయిందా అని ఆలోచన వచ్చేది.

ఇంటర్వ్యూ రోజు పరిశోధన కేంద్రం వరండాలో ఒకమ్మాయి పక్కన వచ్చి కూర్చుంది. వచ్చిన ఆడపిల్లలు వాళ్లిద్దరే.

"మీరు సుసన్న కద? నేను మనోజ. జయపాల్ మీ గురించి చెప్పిండు." మనోజ కొంచెం దగ్గరికి జరిగింది. "ఇయ్యాల తను గూడ ప్యానెల్‌ల కూసోవాలె. తప్పుకున్నడు. ఎందుకో ఎరికేనా? అప్లై చేసినోళ్లల్ల ఒకామెను పెండ్లి చేసుకోవాలనుకుంటున్న, నేను కూసుంటే తప్పైతది అన్నడంట. పేరు మాత్రం చెప్పలేదని మా ల్యాబ్ సార్ అన్నడు."

చెప్పి, తల వంచుకుని చున్నీ అంచు సర్దుకుంది. ఆ సిగ్గు చూశాక సుసన్నకు ఇంక అడగడానికేమీ కనబడలేదు.

లోపల నుంచి పిలుపొచ్చింది. ఉద్యోగమూ ఆమెకేనా, మనిషీ ఆమెకేనా అనుకుంటూ వెళ్లింది. గళ్లను ఇంకా చిన్నవి చేసి, ఊరూరి వర్షమాపకాల లెక్కలతో మోడల్‌ను ఎలా సరిదిద్దవచ్చో బోర్డు మీద రాసి చూపించింది. చేతిలో చాక్‌పీస్ విరిగింది. ఇంకోటి తీసుకుని రాసింది.

ఇల్లు చేరేసరికి వాన మొదలైంది. తల్లి సుశీల దవాఖానలో నర్సు, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది.

"ఎట్లైంది బిడ్డా?"

"మంచిగైంది."

"మంచిగైతే ముఖం గట్లెందుకున్నది?"

సుసన్న జవాబు చెప్పేలోపే వాకిట్లో బండి ఆగింది. జయపాల్ నిలువునా తడిసి ఉన్నాడు.

"ఇంటర్వ్యూ అయిపోయింది," అన్నాడు. "ఇగ మాట్లాడొచ్చు."

"పోయి మనోజతోని మాట్లాడు."

"ఆమెతోని రోజూ మాట్లాడుతనే ఉన్న."

"తెలుసు. పెండ్లి మాట గూడ తెలుసు. ఆమెనే చెప్పింది."

జయపాల్ ముఖం వాడిపోయింది. "ఆమె తననే అనుకున్నదా?" అన్నాడు. "ఆమెకు నేనే చెప్పాలె, సక్కగ. గని నువ్వెట్ల అనుకున్నవ్ సుసన్నా? ఆమెతోని నవ్వుకుంట మాట్లాడిన. నీతోని మాట బంద్ పెట్టిన. ఎవరి కోసం ప్యానెల్‌లకెళ్లి తప్పుకున్ననో నీకు తెల్వలేదా?"

ఇన్ని రోజులు సుసన్న డబ్బా గురించే ఆలోచించింది తప్ప ఈ చిన్న లెక్క వేసుకోలేదు.

"ముందే చెప్పొచ్చు కద," అంది మెల్లగా.

"చెప్తే ఇంటర్వ్యూకు వచ్చేదానివా?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "వచ్చేదాన్ని కాదు."

"గందుకే. రేపు పోస్టొస్తే మొగుడు ఇప్పించిండని ఎవ్వరూ అనొద్దు. నువ్వు గూడ అనుకోవద్దు."

"మొగుడా?"

"అది... నువ్వు అవ్ అంటేనే."

"నేను మస్తు కుళ్లుకున్న జయపాల్. అద్దంల నా ముఖం నాకే నచ్చలేదు," అంది సుసన్న. "అవ్."

వెనక నుంచి సుశీల తువ్వాల అందించింది. "ముందు తల తుడుచుకో కొడుకా, జొరం వస్తది. ఆదివారం మీ అమ్మను తోలుకొని చర్చికి రా. తర్వాత ఇక్కడనే తిందురు."

వారంలో ఫలితం వచ్చింది. పోస్టు సుసన్నది. ఆమె ముందుగా మనోజకు ఫోన్ చేసింది.

"జయపాల్ అంత చెప్పిండు. నాకు మస్తు కుళ్లుగున్నది సుసన్నా. రెండిటికీ," అంది మనోజ.

"నేను ఏడాదంత గట్లనే ఉన్న. ఫోన్ పెట్టేయాలనిపిస్తే పెట్టెయ్యి. నేనేం అనుకోను."

మనోజ పెట్టేయలేదు. కొంచెం ఏడ్చింది. తర్వాత, ఇంకో సంస్థలో పోస్టు పడిందని, బోర్డు మీద సుసన్న ఏం రాసిందో తనకూ చెప్పాలని అడిగింది. సుసన్న మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. చెబుతుంటే మధ్యాహ్నమంతా గడిచిపోయింది.

పెట్టేయగానే ఫోన్ మోగింది.

"ఎప్పటిసంది బిజీ," అన్నాడు జయపాల్. "ఎవరితోని?"

"మనోజతోని."

"మొదలు నాకు చెప్పాలె కద."

"కుళ్లుగున్నదా?"

"జర," అన్నాడు.

సుసన్న గడప మీద కాళ్లు చాపుకుని తీరిగ్గా కూర్చుంది.

"జర అంటే ఎంత? సక్కగ చెప్పు," అంది.