బతికి వచ్చినవాడి మీద నింద

డిటెక్టివు గురువుగారు కుర్చీ చూపించినా, సాయం కోరి వచ్చిన అమ్మాయి కూర్చోలేదు. ఆమె అన్నయ్య సరుకు ఓడలో వైర్‌లెస్ ఆపరేటరు. సబ్‌మెరైన్ దెబ్బకు ఓడ మునిగితే ప్రాణాలతో బయటపడ్డ కొద్దిమందిలో అతనొకడు. యుద్ధం మొదలయ్యాక ఆ ఊరి రేవు నుంచి వెళ్లిన ఓడలు వరసగా మునుగుతున్నాయి. శత్రువుకు ఉప్పందించింది అతనేనని ఊరంతా కోడై కూస్తోంది.

"మా అన్నయ్య అలాంటివాడు కాదండీ," అంది.

గురువుగారంటే కొండంత నమ్మకమున్న అసిస్టెంటుకి కూడా ఈసారి లోలోపల గుబులుగానే ఉంది. గురువుగారూ అతనూ ఆపరేటరు ఉన్న ఆస్పత్రికి వెళ్లారు. ఆపరేటరు ముక్తసరిగా జవాబులిచ్చాడు. డెక్కు మీద ఆరేసిన చొక్కాలు మసిబారిపోయేవని, బాయిలరు సరిగా మండటం లేదని కింద పనివాళ్లు విసుక్కునేవారని చెప్పాడు.

అక్కడి నుంచి రేవులోని బొగ్గు యార్డుకి వెళ్లారు. ముందు నిగనిగలాడే గుట్ట, వెనక టార్పాలిన్ కింద మట్టి కలిసిన బొగ్గు. వ్యాపారి మర్యాదగా అన్నీ చూపించాడు. తన అల్లుడి ఓడ కూడా బయల్దేరబోతోందని మురిసిపోతూ చెప్పాడు. గురువుగారు వెనక గుట్టలోంచి కొన్ని పెళ్లలు సంచిలో వేసుకున్నారు.

మర్నాడు రేవు అధికారి గదిలో బొగ్గు వ్యాపారితో సహా అందరూ చేరారు. ఆపరేటరు చెల్లెలి భుజం పట్టుకుని వచ్చాడు. గురువుగారు ఆ పెళ్లలు పొయ్యిలో వేశారు. గదంతా నల్లటి పొగ కమ్మేసింది.

"సముద్రం మీద ఈ పొగ ఎంత దూరానికైనా కనిపిస్తుంది. ఇక శత్రువుకు ఎవరూ కబురు పంపక్కర్లేదు. మునిగినవన్నీ ఈయన యార్డులో బొగ్గు ఎక్కించుకున్న ఓడలే."

బొగ్గన్నాక పొగ రాదా అని వ్యాపారి బుకాయించాడు.

"బయల్దేరబోయే ఓడకీ వెనక గుట్టే ఎక్కించారని విన్నాను."

వ్యాపారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "దానికి మంచిదే వెయ్యమన్నాను. అందులో మా అల్లుడున్నాడు. ఓడ ఆపించండి బాబూ!"

"ఊరికే అన్నాను. దానికి మంచి బొగ్గే వేశారు, భయపడకండి. కానీ మిగతావాటికి ఏది వేశారో మీకు తెలుసు."

వ్యాపారి నేల మీద కూలబడి ఏడ్చాడు. మంచి బొగ్గు చాటుగా వేరేవాళ్లకు అమ్ముకున్నానని ఒప్పుకున్నాడు. ఈ పొగ వల్లే ఓడలు మునుగుతున్నాయని మొదట్లో తెలియదన్నాడు; తర్వాత అనుమానం వచ్చినా ఆపలేకపోయానన్నాడు. ఎవరూ తిట్టలేదు.

రేవు అధికారి ఆపరేటరుకి క్షమాపణ చెప్పాడు. అది అతనికి వినబడినట్టు లేదు.

"మునిగేటప్పుడు నేను పంపిన కబురు ఎవరికైనా అందిందాండీ?"

"అందింది. అది విని వచ్చిన ఓడే మిమ్మల్ని పైకి తీసింది," అన్నాడు అధికారి.

అతను చెల్లెలి భుజం మీద తల వాల్చేశాడు. ఓడ మునిగాక అతను ఏడవడం అదే మొదటిసారి. అసిస్టెంటు వెళ్లి కిటికీ తెరిచాడు.