ఇంట్లో లేనని చెప్పించిన మనిషి

ఆదివారం పొద్దున లింగమూర్తి స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, బొట్టు పెట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు. సూరత్‌లోని వడోద్‌లో మగ్గాల మీద బతికే తెలుగువాళ్ల భజన మండలికి పదిహేనేళ్లుగా ఆయనే పెద్ద. ఆదివారాలు పిల్లలకు పద్యాలు, నీతి కథలు చెబుతాడు. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డాక ఆ పాఠం ఫోన్‌లోకి మారింది. కూతురు జమున ఫోన్ పట్టుకుంటే ఆయన చెప్పేవాడు.

"యాళ్లయితాంది, ఫోన్ తే బిడ్డా."

పదిహేడేళ్ల జమున వంటగది గడప దాటలేదు. "ఇయ్యాల ఏం చెప్తవు బాపూ?"

"ఆపదల ఉన్నోళ్లకు తోడుండుడు గురించి చెప్త."

"అయితే నేను పట్టుకోను."

"ఏమైందే?"

"మొన్న ఎల్లవ్వత్త అచ్చి తలుపు కొట్టింది. నువ్వు గీడనే కూసున్నవు. లేడని అమ్మతోని చెప్పించినవు. నేను విన్న."

లింగమూర్తి వీధి తలుపు వైపు చూశాడు.

ఎల్లవ్వది వెనక సందు. భర్త సాయిలు కరోనాతో ఆసుపత్రిలోనే పోయాడు. శవాన్ని ఇంటికి తేనివ్వలేదు. ఊరి నుంచి చుట్టాలు వచ్చే దారి లేదు. మర్నాడు పోయినవాడి పేరున పిట్టకు, అంటే కాకికి, ముద్ద పెట్టాలి, ఒక్క మనిషైనా పక్కన నిలబడాలని అడగడానికి వచ్చిందామె. ఆ సందుల్లో ఏ ఇంట చావైనా ముందు నడిచేది లింగమూర్తే. ఆ రోజు మాత్రం చెయ్యి ఊపి, లేనని చెప్పమని భార్యకు సైగ చేశాడు.

"నేనెవల కోసం చేసిన?" గొంతు పెంచాడు. "నాకు షుగరున్నది. మీ అమ్మకు దమ్మున్నది. నాకేమన్నయితే మీకు దిక్కెవలు?"

"భయమైతాందని చెప్తే అయిపోవు గద బాపూ! అందరికీ భయమే. అబద్ధమెందుకు? పిల్లలు నీ మాట వింటరు, నిజమే. నేను మాత్రం పుట్టినప్పటి సంది నిన్ను చూసే నేర్చుకున్న."

లోపలున్న తల్లి లలితమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "చెప్పింది నేను గద. 'గట్లనా లలితమ్మా' అని తలకాయ ఒంచుకుని పోయింది. అప్పటి సంది నాకు బుక్క దిగుతలేదు."

లింగమూర్తి లేచి, ముక్కూ నోరూ మూసేలా గుడ్డ కట్టుకుని బయటికి నడిచాడు. జమున వెనకే వెళ్లింది.

ఎల్లవ్వ గడపలో కూర్చుని ఉంది. చుట్టూ ఇళ్ల తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఆయన్ని చూసి గాభరాగా లేచింది.

"అచ్చినవా తమ్మీ! ఆడనే నిలబడు, దగ్గరికి రాకు. నీకేమన్నయితే మా అందరికి దిక్కెవలు?"

తను ఇంట్లో అన్న మాటే ఆమె నోట విని లింగమూర్తి తల దించుకున్నాడు.

"పక్కింటి సమ్మక్క అననే అన్నది, మీ పెద్దమనిషి సుత రాకపాయె అని. నేను ఊకోలే. ఇంట్ల ఉంటే మా తమ్ముడు రాకుంట ఉంటడా అని కయ్యం పెట్టుకున్న."

తల ఊపితే సరిపోయేది. పరువు నిలిచేది. కానీ తన కోసం పోట్లాడిన మనిషి ముందు ఆ తల ఊగలేదు.

"ఇంట్లనే ఉన్న అక్కా."

"ఏంది?"

"ఇంట్లనే ఉన్న. పానం మీద భయమై లేనని చెప్పించిన."

ఎల్లవ్వ మెల్లగా గడప మీద కూలబడింది.

"ఒక్కదాన్నే పెట్టిన తమ్మీ," అంది. "ఎంతసేపటికి పిట్ట ముట్టలే. ఎవలన్న తోడుంటే ముట్టునేమో అనుకున్న."

లింగమూర్తి సందులోనే నేల మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లూ ఎన్ని ఇళ్లలో ఎన్ని ఓదార్పు మాటలు చెప్పాడో! ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. చేతులు జోడించి, పిల్లవాడిలా ఏడ్చాడు.

ఎల్లవ్వ కూడా కళ్లు తుడుచుకుంది. ఊరుకోమనలేదు. కాసేపయ్యాక జమున వైపు తిరిగింది.

"మీ బాపును ఎండల కూసోనియ్యకు బిడ్డా. పదో దినం నాడు తోల్కరా. దూరం నిలబడ్డా మంచిదే, మనిషి కనపడాలె."

"అస్తం అత్తా," అంది జమున.

లేచి నిలబడడానికి లింగమూర్తికి కూతురి చెయ్యి కావలసి వచ్చింది. జమున అందించింది.