నాలుగో కార్డు

“కార్డు ఆగిపోయినాదన్నా.”

రెండేళ్లుగా వీరభద్ర చెవిలో ఆ మాట వినబడుతూనే ఉంది. మంగంపేట ముగ్గురాళ్ల గనుల్లో ఒక విదేశీ ముఠాను రహస్యంగా వీడియో తీస్తూ అతని జూనియర్ ఏజెంట్ ఓబులేసు అన్న ఆఖరి మాట. కార్డు మార్చడానికి తల ఎత్తాడు, తూటా తగిలింది. ఆ కార్డు ఎంచి ఇచ్చింది వీరభద్రే. ఎన్ని గిగాబైట్లో చూశాడు గానీ, ఆ కెమెరా వేగానికి తట్టుకుంటుందో లేదో చూడలేదు.

“వింటాండావా?” అన్నాడు చీఫ్ దేవేంద్రప్ప, కర్నూలు ఆఫీసులో.

“వింటాండా సార్.”

“అదే ముఠా. ఈసారి రాకెట్ ఇంజన్ డ్రాయింగులు. బనగానపల్లె తోటల మీద డాక్యుమెంటరీ తీస్తాండే ఫారినోడు మార్టిన్ దగ్గర నాలుగు కెమెరా కార్డులుండాయి. ఒకదాంట్లో దాచినారు. దాన్ని తీసేసి ఇది పెట్టు.” బల్ల మీద ఒక మెమరీ కార్డు జరిపాడు. “దీంట్లో తప్పుడు డ్రాయింగులు. నాలుగూ పట్టుకుంటే ముఠా తప్పించుకుంటాది. వాళ్లు దీన్నే నమ్మి పోవల్ల.”

“యాది తీయల్లో ఎట్ల తెలిసేది?”

“ఆ టీములో శివాని మన మనిషి. చెప్తాది.”

మర్నాడు పట్టపగలు, మామిడితోట. అతికించుకున్న మీసం, నుదుట బొట్టు, జేబుల కోటుతో వీరభద్ర అద్దె కెమెరామన్ అయిపోయాడు. నల్లకళ్లద్దాలతో శివాని వచ్చింది. అంత ఎండలోనూ ఆమె సెంటు వాసన చెక్కుచెదరలేదు.

“ఈయేడు కాపు ఎట్లుండాదమ్మా?”

“పూత శానా, కాయ తక్కువ.” కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. “రెండో కార్డన్నా. కార్డులు వ్యాన్లో ఉండాయి. మార్టిన్ బయల్దేరేకి పది నిమిషాలే.”

వ్యాన్లో పౌచ్ విప్పాడు. నాలుగు కార్డులు. అన్నిటి మీదా అదే కంపెనీ పేరు, అదే స్పీడు గుర్తు, వాడకంతో పడ్డ గీతలు. ఒక్కోదాన్నీ వీడియోలతో నిండా నింపి చూస్తే, చోటు ఎంత తగ్గిందో తెలిసి దాచిన భాగం బయటపడుతుంది. కానీ దానికి ఒక్కో కార్డుకీ అరగంట కావాలి. చెయ్యి రెండోదాని మీదికి పోయింది.

“బొట్టు పెట్టనీ అన్నా. కొత్తది గదా.”

వీరభద్ర గిరుక్కున తిరిగాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది. మంగంపేటలో ఆ పొద్దున ఓబులేసు అహోబిలం కుంకుమ పొట్లం విప్పుతూ అన్న మాట అది. తను నవ్వి, కార్డు లాక్కుని కెమెరాలో తోసేశాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

కార్డుల్ని ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకు పట్టాడు. మొదటిది, రెండోది, మూడోది మార్టిన్ తన దేశం నుంచి తెచ్చుకున్నవి. దుమ్ము తప్ప ఏమీ లేదు. నాలుగోదాని అంచు గాడిలో ఎర్రటి పొడి. పాతదిలా కనబడాలని ఎవరో దానికి గీతలు గీశారు. కొత్తది కాబట్టి, గీసే ముందు బొట్టు పెట్టారు. ఆ టీములో ఇక్కడి మనిషి ఒక్కతే.

బండి తాళంతో తన కార్డు మీద గీతలు గీశాడు. నుదుటి కుంకుమ కాస్త వేలితో తీసి గాడిలో అద్దాడు. నాలుగోదాన్ని జేబులో వేసుకుని, దాని చోట తనది పెట్టి పౌచ్ జిప్ లాగేసరికి వ్యాన్ తలుపు తెరుచుకుంది. మార్టిన్ చెయ్యి చాపాడు. పౌచ్ అందుకుని కారెక్కాడు.

“రెండోదే గదా?” అంది శివాని, చిరునవ్వుతో.

“రెండోదేనమ్మా.”

నాలుగు రోజుల తర్వాత తప్పుడు డ్రాయింగులు చేతులు మారుతుండగా ముఠా మొత్తం దొరికింది. బేడీలతో కూర్చున్న శివానిని వీరభద్ర ఒక్కటే అడిగాడు. “అంత తెలివిగలదానివి, బొట్టెందుకు పెట్టినావమ్మా?”

ఆమె అతన్ని వింతగా చూసింది. “కొత్తది గదన్నా. ఉత్తగా ఎట్ల వాడేది?”

రిపోర్టు చదివిన దేవేంద్రప్ప ఫోన్ చేశాడు. “కార్డును గుర్తించిన ఏజెంట్ ఓబులేసు అని రాసినావు. చచ్చిపోయినోడు డ్యూటీ ఎట్ల చేస్తాడప్పా?”

“రెండేండ్ల నుంచి ఒక్కరోజూ లీవు పెట్టలేదు సార్.”